డాక్టర్ చదువు వద్దు, కంటి మీద రీసెర్చ్ చేస్తానంటోంది

ప్రశ్న: మేడం, మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రాసి డాక్టర్ అవుతుందని చేర్పించాం. ఆరు నెలల నుంచి రీసెర్చ్ చేస్తానంటోంది. పోనీ అదైనా ఒక మాట మీద ఉందా అంటే లేదు. ఒకరోజు కంటి జబ్బుల మీద అంటుంది, మర్నాడు నరాలు ఎలా పెరుగుతాయో చదవాలంటుంది, ఇంకోరోజు ప్రోటీన్ కెమిస్ట్రీ అంటుంది. ఇది అసలు ఉద్యోగం వచ్చే చదువేనా? ఈసారి సీటు రాకపోతే లాంగ్‌టర్మ్‌లో పెట్టమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి ఒక మాట మీద లేదన్నారు కదా, ముందు దాని గురించి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నేను ఒప్పుకోలేనిది అదొక్కటే. మీకు మూడుగా కనిపిస్తున్నవి ఒకే చదువులోని మూడు భాగాలు. అదెలాగో చెప్పడానికి మీ యార్డు కంటే మంచి చోటు నాకు దొరకదు.

సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి కాయ కుప్ప పోస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్ల కళ్లు మండి నీళ్లు కారిపోతాయి. మిరపలో కాప్సైసిన్ అనే పదార్థం ఉంటుంది, ఘాటు ముఖ్యంగా దానిదే. కంటికి ముందు అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. అందులో రక్తనాళాలు ఉండవు. నరాల కొసలు మాత్రం ఒంట్లో చాలా చోట్ల కంటే దట్టంగా ఉంటాయి. ఆ కొసల మీద టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని చిన్న తలుపు అనుకోండి. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుని, కాలుతోందని మెదడుకు చెబుతుంది. కాప్సైసిన్ వచ్చి అతుక్కున్నా ఆ తలుపే తెరుచుకుంటుంది. అందుకే నిప్పు లేకపోయినా మంట పుడుతుంది. పక్షుల్లో ఈ ప్రోటీన్ కాస్త వేరుగా ఉండటంతో కాప్సైసిన్ దాన్ని కదిలించలేదు. చిలకలు పండుమిరపకాయలు హాయిగా తినేది అందుకే. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ప్రోటీన్‌ను కాప్సైసిన్ సాయంతోనే పట్టుకుంది. ఆయనకు 2021లో, స్పర్శను పట్టే ప్రోటీన్లను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

కన్ను ఎందుకు మండింది అని అడిగితే నరం దగ్గరికి వెళ్లాం, నరం దగ్గర ప్రోటీన్ తగిలింది. మీ అమ్మాయి కూడా ఈ దారినే తిరుగుతోంది. ఎవరూ చూపించకుండా అంత దూరం వచ్చిందంటే, పుస్తకం మార్కుల కోసం చదవడం లేదని అర్థం.

ఇంకొంచెం ముందుకు వెళ్తే, ఆ నరాలు కార్నియాలోకి ఎలా చేరాయన్న ప్రశ్న వస్తుంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం ముడి నుంచి సన్నటి పోగులు బయల్దేరి దారి వెతుక్కుంటూ అక్కడికి వస్తాయి. నరాలను ఇలా పెంచి, బతికించే పదార్థాలు ఉంటాయని చూపించినవారిలో మొదట చెప్పుకోవాల్సిన మనిషి రీటా లెవీ మాంటాల్చీని. ఇటలీలో యూదుల మీద 1938లో తెచ్చిన చట్టాల వల్ల ఆమెకు యూనివర్సిటీలో చోటు పోయింది. యుద్ధకాలంలో ఇంట్లో పడకగదిని ల్యాబ్‌గా మార్చుకుని, కోడిగుడ్లలో పిండాల నరాలు చూస్తూ కూర్చుంది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఆమెతో చేరాడు. ఆమె డాక్టర్ చదువు చదివిన మనిషి, ఆయన బయోకెమిస్ట్. నరాలు పెరగడం ఆమె చూసింది, పెంచుతున్న ప్రోటీన్‌ను ఆయన వేరు చేశాడు. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది. ఆ ప్రోటీన్‌నే ఇప్పుడు బ్యాక్టీరియాలో తయారుచేసి కంటి చుక్కలుగా ఇస్తున్నారు. నరం దెబ్బతిని కార్నియా మానకుండా పుండుపడే జబ్బుకు 2018లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. కోడిగుడ్డు నుంచి కంటి చుక్క దాకా డెబ్భై ఏళ్లకు పైనే పట్టింది. ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్లకు ఆ ఓపిక ఉండాలి.

ఇదంతా విదేశాల సంగతి అనుకోకండి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు వచ్చే శుక్లం కూడా ప్రోటీన్ కథే. కంటి లెన్స్‌లో క్రిస్టలిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. లెన్స్ నడిమధ్యలో ఉన్నవి పుట్టకముందు తయారైనవే, జీవితాంతం మారవు. వయసు, షుగర్, ఎండ వాటిని దెబ్బతీస్తే ఒకదానికొకటి అతుక్కుని, ఉడికిన గుడ్డులో తెల్లసొనలా తెల్లబడతాయి. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీకి డైరెక్టర్‌గా చేసిన డి. బాలసుబ్రమణియన్ ప్రోటీన్ కెమిస్ట్. లెన్స్ ప్రోటీన్ల మీద పనిచేసి, తర్వాత ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. 1987లో ఆ సంస్థను పెట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు మీ గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారే. దాని క్యాంపస్ ఒకటి విజయవాడ పక్కన తాడిగడపలో ఉంది, మీకూ తెలిసే ఉంటుంది.

ఇక ఉద్యోగం సంగతి. దాచకుండా చెబుతాను, ఇది త్వరగా చేతికొచ్చే పంట కాదు. డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల చదువు, ఆపైన పీహెచ్‌డీకి ఐదారేళ్లు. అయితే పీహెచ్‌డీ కాలంలో మీరు డబ్బు కట్టక్కర్లేదు. సీఎస్‌ఐఆర్ యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇస్తారు. ఆ తర్వాత ప్రొఫెసర్, సైంటిస్ట్ ఉద్యోగాలకు పోటీ గట్టిగానే ఉంటుంది. ప్రోటీన్‌ను శుద్ధి చేయడం, దాని ఆకారం తేల్చడం చేతికి వచ్చినవాళ్లకు మందులు, వ్యాక్సిన్లు తయారుచేసే కంపెనీల్లో పని ఉంటుంది, హైదరాబాద్ జినోమ్ వ్యాలీలో ఉన్నవి అలాంటి కంపెనీలే. ఏదో ఒక కాలేజీలో బయోటెక్నాలజీ డిగ్రీ తీసుకుని, ల్యాబ్‌లో చుక్కలు కొలిచి పోసే పైపెట్ కూడా పట్టుకోకుండా బయటికి వస్తే మాత్రం కష్టం. అలా వచ్చి నా ముందు కూర్చుని బాధపడిన పిల్లలు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది ఎంబీబీఎస్ సీటు రాక, వేరే దారి లేక ఆ కోర్సులో చేరినవాళ్లే.

అందుకే అమ్మాయిని ఒక్క విషయం అడగండి, కోప్పడకుండా. నీట్ టెన్షన్ లేకపోయినా ఈ చదువే కావాలనేదా? ల్యాబ్‌లో వారం రోజులు కష్టపడి తీసిన ప్రోటీన్ పొద్దున చూసేసరికి గడ్డకట్టి ట్యూబు అడుగున పడి ఉంటుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆ పని ఇష్టమా, లేక ఎదురుగా కూర్చున్న పేషెంట్‌కు చూపు తెప్పించడం ఇష్టమా? రెండోదైతే ఎంబీబీఎస్సే సరి. కంటి డాక్టరై కూడా పరిశోధన చేయొచ్చు, ఆ తలుపు మూసుకుపోదు.

మొదటిదే అంటే, ఐసర్, నైసర్ అని సైన్స్ చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థలు ఉన్నాయి. ఈ ఏడాదే ఐసర్ ప్రవేశపరీక్ష ఐఏటీకి, నైసర్ ప్రవేశపరీక్ష నెస్ట్‌కు దరఖాస్తు పెట్టించండి. నీట్ చదువే వీటికి చాలావరకు సరిపోతుంది. మన బైపీసీ పిల్లలకు చిక్కంతా లెక్కల దగ్గరే. ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 లెక్కలవే. పదో తరగతితో వదిలేసిన లెక్కల్లో తేలికైన పాఠాలు నాలుగైదు నేర్చుకున్నా కొన్ని మార్కులు కలిసొస్తాయి. నెస్ట్‌లో నాలుగు సబ్జెక్టుల్లో బాగా వచ్చిన మూడింటినే లెక్కిస్తారు కాబట్టి ఆ బెంగ తక్కువ. రెండూ రాకపోతే గుంటూరులోనో విజయవాడలోనో డిగ్రీ చేయొచ్చు, తప్పేం లేదు. కానీ కెమిస్ట్రీని వదలకూడదు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. బయాలజీ ఇష్టమని కెమిస్ట్రీని పక్కన పెట్టినవాళ్లు ప్రోటీన్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. డిగ్రీలో ఉండగానే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు రాసి, వేసవిలో రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో ఉండాలి. ఆ తర్వాత ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గాట్-బి, సీయూఈటీ పీజీ అనే ప్రవేశపరీక్షలు ఉన్నాయి.

లాంగ్‌టర్మ్ గురించి బంధువులు చెప్పింది వినకండి. తనకు ఇష్టమై మళ్లీ రాస్తానంటే వేరు, మీరు బలవంతంగా కూర్చోబెడితే ఒక ఏడాదితో పాటు ఆ కుతూహలం కూడా పోతుంది. ఈసారి నీట్ మాత్రం రాయమనండి, రెండేళ్లుగా చదివిందే కదా.

ఏ ఊరి ఐసర్ ముందు కావాలో వరస పెట్టేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి. తిరుపతి దగ్గరని మీకు అదే ముందుండాలని అనిపిస్తుంది. ఆమె పుణే ముందు పెడతానంటే పెట్టనివ్వండి.