బూట్‌లోడర్ డ్రైవర్‌కు కావలసిన హార్డ్‌వేర్ వివరాలను ఎక్కడ ఉంచాలి?

యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమరీలోకి ఎక్కించి మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లో) కొత్త డ్రైవర్ చేర్చేటప్పుడు రిజిస్టర్ చిరునామాలు, క్లాకులు, జీపీఐఓ (సాఫ్ట్‌వేర్ నియంత్రించే చిప్ పిన్) సంఖ్యలు డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను వర్ణించే ఫైలులో) ఉండాలా, బోర్డు హెడర్‌లో మాక్రోలుగా ఉండాలా, సీ ఫైలులో స్ట్రక్చర్‌గా ఉండాలా అని మీరు అడిగారు. డివైస్ ట్రీలోనే ఉంచండి. అది కూడా లైనక్స్ కెర్నల్ వాడే ఫైలులోనే, కెర్నల్ బైండింగ్‌లో (డివైస్ ట్రీలో ఏ పేర్లు వాడాలో చెప్పే నియమాలలో) ఉన్న పేర్లతోనే ఉండాలి.

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో జరిగిన సంగతి చెబుతాను. మాకు చిప్ మాడ్యూల్ అమ్మినవారు ఇచ్చిన యూ-బూట్‌లో, ఈథర్‌నెట్ ఫై చిప్‌ను (నెట్‌వర్క్ కేబుల్‌పై సంకేతాలు పంపి, అందుకునే చిప్‌ను) రీసెట్ చేసే జీపీఐఓ సంఖ్య బోర్డు హెడర్‌లో మాక్రోగా ఉండేది. బోర్డు రెండవ కూర్పులో ఆ పిన్‌ను డిస్‌ప్లే బ్యాక్‌లైట్‌కు కేటాయించి, రీసెట్‌ను వేరే పిన్‌కు మార్చారు. కెర్నల్ డివైస్ ట్రీలో ఆ మార్పు చేశారు కనుక లైనక్స్‌లో నెట్‌వర్క్ చక్కగా పనిచేసింది. యూ-బూట్‌లో మాత్రం ఫై కనబడలేదన్న సందేశం వచ్చేది, నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు తెచ్చుకునే టీఎఫ్‌టీపీ ఆగిపోయేది. ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ ఎక్కించేది టీఎఫ్‌టీపీ ద్వారానే కావడంతో బోర్డులన్నీ బల్లలపై నిలిచిపోయాయి. అందరూ సోల్డరింగ్‌ను అనుమానిస్తూ ఉండగా, హిందూపురం నుంచి వచ్చిన మా హార్డ్‌వేర్ సహోద్యోగి ఒకరు, టీఎఫ్‌టీపీ కమాండ్ ఇచ్చిన ప్రతిసారీ తెర ఒక్క క్షణం వెలిగి ఆరుతోందని గమనించారు. బ్యాక్‌లైట్ పిన్‌పై ఆసిలోస్కోప్ ప్రోబ్ పెట్టగానే, ఫైకి చేరవలసిన రీసెట్ పల్స్ అక్కడ కనిపించింది.

ఒకే తీగ గురించి రెండు చోట్ల రాసి పెట్టుకుంటే, ఒకటి మారినప్పుడు రెండవది మారదు. యూ-బూట్‌లో డ్రైవర్లన్నిటినీ ఒకే పద్ధతిలో రాసేందుకు డ్రైవర్ మోడల్ 2014లోనే వచ్చింది. డివైస్ ట్రీ నుంచి జీపీఐఓను పేరుతో అడిగి తీసుకునే ఫంక్షన్లు ఉన్నాయి. అయినా చిప్ అమ్మేవారు పాత హెడర్లనే నకలు చేసి, వాటికే కొత్త బోర్డు పేరు తగిలించి అందించడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. దాని భారమంతా కొనుక్కున్నవారి మీదే పడుతుంది. కెర్నల్‌లో ఉన్న బైండింగ్‌ను పక్కన పెట్టి యూ-బూట్‌కు మాత్రమే అర్థమయ్యే ప్రాపర్టీలను కల్పించడం కూడా ఇలాంటి తప్పే.

బూట్‌లోడర్‌కు మాత్రమే అవసరమైన చేర్పులు ఏవైనా ఉంటే, బోర్డు పేరు చివర "-యూ-బూట్.డీటీఎస్‌ఐ" అని వచ్చే ఫైలులో రాయండి, బిల్డ్ దానిని తనంతట తానే కలుపుకుంటుంది. ఎస్‌పీఎల్ (పూర్తి యూ-బూట్ కన్నా ముందు నడిచే దాని చిన్న రూపం) దశలోనూ కావలసిన నోడ్‌లకు, అంటే ట్రీలోని భాగాలకు, "బూట్‌పీహెచ్" గుర్తులు పెట్టాలి. అవి లేని నోడ్‌లను ఎస్‌పీఎల్ కోసం తయారయ్యే ట్రీ నుంచి తొలగిస్తారు. ఈ గుర్తులను ఇప్పుడు కెర్నల్ డివైస్ ట్రీ ఫైళ్లలో కూడా పెట్టవచ్చు.

ఎస్‌పీఎల్‌లో చోటు చాలదని చాలామంది అభ్యంతరం చెబుతారు. బీగల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం335ఎక్స్ వంటి చిప్‌లలో, ప్రధాన మెమరీ అయిన డీడీఆర్ సిద్ధమయ్యేలోగా చిప్ లోపలి కొద్దిపాటి ర్యామ్‌తోనే సరిపెట్టుకోవాలి కనుక అది నిజమైన ఇబ్బందే. అయితే దానికి కూడా చేత్తో స్ట్రక్చర్లు రాయనవసరం లేదు. ఓఎఫ్-ప్లాట్‌డేటా ఎంపికను ఆన్ చేస్తే, డీటాక్ అనే సాధనం బిల్డ్ సమయంలో డివైస్ ట్రీనే సీ స్ట్రక్చర్లుగా మారుస్తుంది. డ్రైవర్‌లో కొంత అదనపు కోడ్ రాయవలసి వచ్చినా, పిన్ సంఖ్య మాత్రం ట్రీలోనే ఉంటుంది. ఏ డ్రైవర్‌ను కంపైల్ చేయాలన్న నిర్ణయాన్ని బిల్డ్ ఎంపికలుండే కేకాన్ఫిగ్‌లో ఉంచండి, పిన్‌లను చిరునామాలను అందులోకి రానివ్వకండి.