అబ్బీ, శెనక్కాయలు మాత్రం పెట్టొద్దు

చిన్నబ్బీకి,

కళ్యాణదుర్గం నుంచి పెద్దనాయన రాస్తున్నాను.

నువ్వు కర్నూలులో ఆఫ్రికన్ గ్రే చిలుకను తెచ్చుకుంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి భయం పట్టుకుంది.

అమ్మేవాడి దగ్గర కాగితాలన్నీ తీసుకో, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించు. పంజరం పెద్దది కొను. పక్షి బయట ఉన్నంతసేపు ఫ్యాను ఆపేయి. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది నా లచ్చిమి సంగతి. 1986లో మన పాత ఇంట్లో రామచిలుకను పెంచినాను. ఈ పని నువ్వు చేయొద్దు, వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అప్పట్లో మన ఊళ్లో ఎవరికీ ఆ పట్టింపు లేదు, నాకూ లేదు. శెనక్కాయలు పీకే కాలం వస్తే లచ్చిమికి పండగే. మీరు బుడ్డలనే వేరుశెనగలే, మేం శెనక్కాయలంటాం. పచ్చి కాయ వలిచి ముక్కుకు అందిస్తే ఒంటికాలి మీద నిలబడి తినేది. మిగతా కాలమంతా పొద్దుతిరుగుడు గింజలు. ఆకుకూర ముందు పెడితే కింద పడేసేది, నేనూ సరేలే అని ఊరుకునేవాణ్ని. రొమ్ము గుండ్రంగా బలిసింది. వచ్చినవాళ్లకు పిలిచి చూపించేవాణ్ని, నేనెంత బాగా సాకుతున్నానో చూడండని. రెక్కలు చాపే చోటు కూడా లేని పంజరంలో, తిన్నది తిన్నట్టే ఒంటికి పట్టింది.

పదకొండేళ్లకు, ఒక చలికాలం, ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు దూకితే చాలు ఆయాసపడేది. చలికేమో అనుకుని గుడ్డ కప్పినాను. మూడో రోజు పొద్దున పంజరం అడుగున పడి ఉంది. అనంతపురంలో పశువుల డాక్టరు కోసి చూపించినాడు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాలు పసుపుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. లోపల కొవ్వు పేరుకుందన్నాడు. నూనె గింజలు తప్ప వేరే ఏమైనా పెట్టినావా అని అడిగినాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

శెనక్కాయ గింజలో దాదాపు సగం నూనే అబ్బీ. పొద్దుతిరుగుడూ అంతే, పైగా విటమిన్ ఎ కూడా తక్కువ. అడవిలో పక్షి మేత కోసం మైళ్లు ఎగురుతుంది, మన పక్షి కూర్చునే తింటుంది. ఆఫ్రికన్ గ్రేలకు, అమెజాన్ చిలుకలకు, కాకటీల్ చిలుకలకు నాళాల్లో కొవ్వు పేరుకునే ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. వయసు మీరిన పక్షుల్లో, ఆడవాటిలో ఇంకా ఎక్కువ. చాలాసార్లు ముందుగా ఏ లక్షణమూ కనిపించదు. నాకు స్టెంటు వేసిన రోజు తెర మీద నా నాళాలు చూస్తుంటే నా కళ్ల ముందు లచ్చిమే ఉంది. అందుకే ఇంతగా చెప్తున్నా, విసుక్కోకు.

మేతలో ఎక్కువ భాగం పెల్లెట్లే, అంటే చిలుకల కోసం తయారుచేసే గుళికల మేతే ఉండాలి. క్యారెట్, మునగాకు, పచ్చిమిర్చి పెట్టు, చిలుకకు కారం తెలియదు. గింజలు కావాలంటే మన కొర్రలు కొద్దిగా వెయ్యి, వాటిలో కొవ్వు నాలుగైదు శాతమే. శెనక్కాయ గింజ, పొద్దుతిరుగుడు ఎప్పుడన్నా ఒకటి, మాట నేర్పేటప్పుడు బహుమానంగా. అవిసె గింజలు మంచివంటారు, ఎంత పెట్టాలో డాక్టరును అడుగు. అవకాడో ముట్టించొద్దు, అది విషం. ఇంతదాకా గింజలే తిన్న పక్షైతే ఒక్కరోజులో మాన్పించకు. కొత్త మేత ముట్టక పస్తుండి చచ్చిపోయే రకాలివి. కొంచెం కొంచెంగా మార్చు, రోజూ పొద్దున్నే గ్రాముల తూకంలో తూచి పుస్తకంలో రాసుకో. రోజూ కొంతసేపు గదిలో ఎగరనివ్వు. ఏడాదికోసారి పక్షుల డాక్టరుకు చూపించు.

ఎన్నేళ్లు సాకాలో ఆలోచించినావా? బాగా చూసుకుంటే నలభై ఏళ్లు బతుకుతుంది. నేనుండను, నువ్వుంటావు.

దసరాకు వస్తాను. పెరటి మునగాకు తెస్తాను. తూకం పుస్తకం తీసి పెట్టుకో, మొదట అదే చూస్తాను.

మీ పెద్దనాయన