పురుగు తిన్నంత మాత్రాన

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలు పురుగుల్ని పెంచుకునే గాజు తొట్టిలో పసుపుపచ్చ పుట్టగొడుగులు లేచాయట. వాటిని పీకి పారేయకుండా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అవేమిటో తేలుస్తానన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంగా అనిపించింది. చిన్నప్పుడు ఏ ఆకు కనిపించినా "దీని పేరేంటి పెద్దమ్మా" అంటూ కొంగు పట్టుకు తిరిగినవాడివి, ఇంకోలా ఎందుకు చేస్తావు! కానీ నీ చిన్నదానికి ఇంకా మూడేళ్లు నిండలేదు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ముందు తొట్టి మూతకు గట్టి గొళ్లెం పెట్టు, పిల్లకు అందని ఎత్తులో ఉంచు, పని అయ్యాక అందరి చేతులూ సబ్బుతో కడిగించు. ముట్టుకుంటే విషమెక్కుతుందని మాత్రం పిల్లల్ని బెదరగొట్టకు. ఇలా మొలిచే గొడుగుల్లో విషమున్నవైనా చేత్తో పట్టుకున్నంత మాత్రాన ఒంట్లోకి ఎక్కదు. ప్రమాదమంతా నోటి దారినే.

ఇక అసలు సంగతి. రోకలిబండ పురుగులు ఆ గొడుగుల అంచులు కొరుకుతుంటే చూసి పెద్దాడు "అవి తింటున్నాయంటే మంచివే కదా నాన్నా" అన్నాడట, నువ్వేమో వాడి తెలివిని మెచ్చుకున్నావట. మెచ్చుకోవాల్సిన మాట కాదురా అది. పుట్టగొడుగుల విషయంలో మనుషులు తరతరాలుగా చేస్తూ వస్తున్న తప్పు సరిగ్గా ఇదే. పురుగు పట్టింది, నత్త కొరికింది, కనుక విషం లేదు అనుకోవడం. పురుగుల తొట్టి పక్కన పెరిగే పిల్లలకు ఆ తప్పు రోజూ కళ్లముందే కనిపిస్తుంది, అదే నా బెంగ.

అమానిటా ఫాలాయిడిస్ అనే గొడుగు ఒక్కటి తింటే పెద్దమనిషి ప్రాణమైనా పోవచ్చు. నత్తలు దాన్నే తీరిగ్గా తింటాయి. పుట్టగొడుగుల్లో గుడ్లు పెట్టే డ్రోసోఫిలా ఈగల్లో కొన్ని జాతుల లార్వాలు ఆ విషం మధ్యే పెరిగి, రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. ఆ విషం ఆల్ఫా అమానిటిన్. మన కాలేయ కణాల్లోకి చేరితే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైము పనిని ఆపేస్తుంది. కొత్త ప్రొటీన్లు తయారుచేసుకోలేక ఆ కణాలు చచ్చిపోతాయి. ఉడికించినా, ఎండబెట్టినా విషం పోదు. వెండి చెంచా నల్లబడుతుందని, వెల్లుల్లి రంగు మారుతుందని చెప్పే పరీక్షలన్నీ ఉత్తివి. చేదు లేకపోతే మంచిదనడం అంతకంటే ఉత్తిది.

అది పనిచేసే తీరు మరీ భయం. తిన్నాక 6 గంటల నుంచి ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు. ఒక రోజు గడిచాక అవి తగ్గుముఖం పడతాయి, పిల్ల లేచి ఆడుకోవచ్చు కూడా. ఇంట్లో వాళ్లు హమ్మయ్య అనుకునే ఆ వేళలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కాబట్టి చిన్నది ఏదైనా ముక్క నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం చూస్తూ కూర్చోకు. నోట్లో ఉన్నది తీసెయ్, నోరు కడిగించు, మిగిలిన ముక్కను కాగితపు కవరులో వేసుకో, ఎన్ని గంటలకు తిన్నదో రాసుకో, వెంటనే ఆసుపత్రికి వెళ్లు. వేలు పెట్టి కక్కించకు, ఉప్పునీళ్లు తాగించకు. కేకలేస్తున్నానని అనుకోకు నాన్నా. ఈ ఒక్క పేరా అచ్చంగా రాసుకుని తొట్టి పక్కన అతికించుకో, నాకు అదే చాలు.

నీ తొట్టిలోవి అంత ఘోరమైనవి కాకపోవచ్చు. కొబ్బరి పొట్టులోనూ ఇంట్లోని పూలకుండీల్లోనూ మొలిచే నిమ్మపండు రంగు గొడుగు చాలాసార్లు ల్యూకోకోప్రైనస్ బిర్న్‌బామీ అవుతుంది. మొగ్గగా ఉన్నప్పుడు కోలగా ఉంటుంది, తర్వాత గంటలా విప్పుకుని చివరికి దాదాపు చదునవుతుంది. వెడల్పు ఇంచుమించు 2.5 నుంచి 5 సెంటీమీటర్లు. పైన మెత్తటి పొలుసులుంటాయి, వేలు ఆనిస్తే పసుపు పొడి అంటుకుంటుంది. అంచు చుట్టూ సన్నటి గీతలు. కింద రేకుల్లా ఉండే మొప్పలు కాడదాకా వచ్చి దాన్ని తాకకుండా ఆగిపోతాయి. కాడ మీద చిన్న ఉంగరం ఉంటుంది గానీ ఇట్టే రాలిపోతుంది. ఒకటి రెండు రోజులకే రంగు వెలిసి వాలిపోతుంది, అప్పుడు చూసినవాళ్లు ఇంకేదో జాతి అనుకుంటారు. అందుకే మొగ్గను, విప్పినదాన్ని, వాడినదాన్ని మూడింటినీ చూడమంటాను. ఇది తింటే కడుపు పాడవుతుంది, కాబట్టి ఇదీ కూరకు పనికొచ్చేది కాదు.

గుర్తుపట్టడానికి కోసేటప్పుడు కత్తితో కాడ మధ్యకు కోయకు. చెంచా లోతుగా దించి మొదలుతో సహా పెకలించు. కాడ అడుగున సంచిలాంటి తొడుగు ఉందా లేదా అన్నది పొట్టులోనే దాగి ఉంటుంది, అమానిటాలను పట్టిచ్చే ఆనవాళ్లలో అదొకటి. పీకకముందూ, పీకాకా ఫొటోలు తియ్యి. పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి, నిలువుగా రెండు చెక్కలు చేశాక ఒకటి, అన్నిట్లోనూ పక్కన స్కేలు ఉండాలి. ఫ్లాష్ వేస్తే రంగు మారిపోతుంది, కిటికీ వెలుతురు చాలు. ఏ చెక్క మీద లేచింది, పొట్టులోంచి లేచిందా, ఎండుటాకుల్లోంచా అన్నది కూడా రాసుకో. పైనుంచి తీసిన ఒక్క ఫొటో పట్టుకుని ఎవరైనా పేరు చెప్పేస్తే, ఫోనులో యాప్ అయినా సరే, ఆ పేరు నమ్మకు.

పిల్లలకు అన్నిటికంటే నచ్చేది సిద్ధబీజాల ముద్ర. సిద్ధబీజాలంటే మొప్పల నుంచి రాలే, విత్తనాల్లాంటి సన్నటి పొడి. బాగా విప్పుకున్న గొడుగును కాడ లేకుండా కోసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద మొప్పలు కిందికి వచ్చేలా పెట్టు. పైన ఒక్క నీటిబొట్టు వేసి గిన్నె బోర్లించు. రాత్రి పెడితే తెల్లారేసరికి మొప్పల గీతలన్నీ కాగితం మీద పొడిగా అచ్చుపడి ఉంటాయి. తెలుపు పడితే నల్ల సగం మీద కనబడుతుంది. తెల్ల కాగితం ఒక్కటే వేసి ఏమీ పడలేదని పారేసేవాళ్లు ఎందరో! రంగును పగటి వెలుతురులోనే చూడు.

నలుపు పడితే, గొడుగు అంచు కరిగి సిరాలా కారుతుంటే, కోప్రినెల్లస్ వంటి సిరా గొడుగు కావచ్చు. తెలుపు పడితే నీ పసుపు గొడుగుకు సరిపోతుంది. అయితే తెలుపు అంటే క్షేమమని కాదు, లెపియోటా అనే రకం చిన్న గొడుగుల్లో అమటాక్సిన్, అంటే పైన చెప్పిన అమానిటిన్ కోవ విషం, ఉన్నవి ఉన్నాయి, వాటి ముద్రా తెలుపే. తుప్పు రంగు పడితే మాత్రం ఆ రోజుకు ఆట ఆపేసి పిల్లల్ని పంపించెయ్. కుళ్లిన చెక్క మీద లేచే గేలరీనా మార్జినాటా, పొట్టులోనూ కంపోస్టులోనూ లేచే ఫోలియోటినా రుగోసా రెండూ చిన్న గోధుమరంగు గొడుగులే. రెండింటి ముద్రా తుప్పురంగే, రెండింట్లోనూ అదే విషం. ఉంగరం లేదు కాబట్టి ఇవి కావనుకోకు, అది రాలిపోయి ఉండొచ్చు. పేరు జాతిదాకా తేలలేదని నామోషీ పడకు. చిన్న గోధుమరంగు వాటికి మైక్రోస్కోపు, ఒక్కోసారి డీఎన్‌ఏ పరీక్ష కావాలి. "ల్యూకోకోప్రైనస్‌లో ఏదో ఒకటి" అని రాసినా అది నిజాయితీగల జవాబే.

పుట్టగొడుగు కానివీ వస్తాయి. రాత్రికి రాత్రి పసుపు జిగురులా గాజు మీదికి పాకితే అది బంకబూజు, శిలీంధ్రమే కాదు. గాజుకు చిన్న నల్లచుక్కలు అంటుకుని గోకితే గాని రాకపోతే పురుగుల రెట్ట అనుకోకు, స్ఫీరోబోలస్ అనే బుల్లి శిలీంధ్రం తన సిద్ధబీజాల ముద్దల్ని ఎగజిమ్మి ఉండొచ్చు.

పురుగులకు ఏమవుతుందోనని పిల్లలు అడుగుతారు. పొట్టును తినే గొడుగులు బతికున్న పురుగుల జోలికి పోవు. కానీ చచ్చిన లార్వా బిగుసుకుపోయి ఒంటి మీదే తెల్లటి పొడో ఆకుపచ్చ పొడో పడితే అది వేరే కథ. బొవేరియా, మెటారైజియం పురుగుల్నే చంపే శిలీంధ్రాలు. దాన్ని వెంటనే తీసెయ్, చుట్టూ పొట్టు మార్చు. బూజు మందులు, బ్లీచింగు తొట్టిలో వేయకు, పురుగులే ముందు పోతాయి. కొమ్ముపురుగు లార్వాలు పదేపదే పైకి వచ్చి కూర్చుంటుంటే పొట్టు పులిసి వేడెక్కి గాలి తగ్గిందేమో చూడు.

గొడుగులు విప్పుకోకముందే మెలితిప్పి తీసి చెత్తలో వేస్తూ ఉంటే సిద్ధబీజాలు గదిలోకి రావు, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది మంచిది. లోపల తెల్లటి దారాలు ఉన్నంతకాలం తడి తగలగానే మళ్లీ లేస్తాయి, కంగారు పడకు. గుప్పెడు పొట్టు పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే నీళ్లు ఎక్కువ పోస్తున్నట్టు.

ముద్ర కాగితం, మొదలు కనబడే ఫొటో నాకు పంపు. ఒక గొడుగును ఫ్యాను కింద పెళపెళలాడేదాకా ఆరబెట్టి, తేదీ రాసి కాగితపు కవరులో ఉంచు. ప్లాస్టిక్ సంచిలో వేస్తే కుళ్లుతుంది. వంటింటి డబ్బాల దగ్గర మాత్రం పెట్టకు, మీ అమ్మ ఎండుకూర అనుకుంటుంది.

ఇట్లు,
పెద్దమ్మ