డ్రైవర్ వచ్చాడా, వచ్చిందా?

"డాక్టర్, డ్రైవర్, ఫార్మర్ లాంటి ఇంగ్లిష్ మాటలకు ఆడా మగా తేడా లేదు కదా, వాటిలో వివక్ష దాగుందంటారేం?" అని, వృత్తుల పేర్లలోనూ ఆడా మగా వివక్ష ఉందని నేనన్నప్పుడు ఒకరు అడిగారు. మాటలో లేదు, నిజమే. మాట వినగానే మన మనసులో ఎవరు మెదిలారన్నదే సంగతి. ఇంగ్లిష్‌లో ఉన్నంతసేపూ అది బయటపడదు. తెలుగులోకి తెచ్చారా, క్రియ దగ్గర దొరికిపోతారు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెప్తాను. "ద ఫార్మర్ వెంట్ టు ద ఫీల్డ్" అని ఇస్తే ఒడియాలో రాసేవాళ్ళకు ఏ చిక్కూ లేదు. ఆ భాషలో "సే" అంటే అతనైనా కావచ్చు, ఆమైనా కావచ్చు. "ఆసిలా" అంటే వచ్చాడూ అవుతుంది, వచ్చిందీ అవుతుంది. తెలుగులో రాసేవాళ్ళు మాత్రం రైతు వెళ్ళాడు, డ్రైవర్ వచ్చాడు, నర్సు వచ్చింది అని రాసేస్తారు. ఆడా మగా అని ఒక్కరూ అడగరు. ఆ పిల్లల తల్లుల్లో పొద్దున్నే నాట్లకూ కలుపుకూ వెళ్ళేవాళ్ళున్నారు. అయినా రైతు "వెళ్ళాడే".

ఒక పాత చిక్కు కథ ఉంది, వినే ఉంటారు. తండ్రీ కొడుకులు ప్రమాదంలో పడ్డారు, తండ్రి అక్కడికక్కడే పోయాడు. కొడుకుని ఆపరేషన్‌కి తీసుకెళ్తే సర్జన్ చూసి "నేను చెయ్యలేను, వీడు నా కొడుకు" అన్నారు. ఎలా? సర్జన్ ఆ పిల్లాడి తల్లి కాబట్టి. ఒడియాలో ఈ కథ సాఫీగా నడుస్తుంది. తెలుగులో "అన్నాడు" అంటే అబద్ధం, "అంది" అంటే గుట్టు రట్టు. "అన్నారు" అంటేనే నిలుస్తుంది. సర్జన్‌ కాబట్టి ఆ గౌరవం సహజంగానే ఉంది, ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు సర్జన్‌ బదులు ఆటో డ్రైవర్‌ని పెట్టి చెప్పి చూడండి. "డ్రైవర్ అన్నారు" అని మా వీధిలో ఎవరి నోటా రాదు. అంటే ఆడో మగో చెప్పకుండా దాటెయ్యడం మన తెలుగులో హోదా ఉన్నవాళ్ళ విషయంలోనే కుదురుతుంది. కలెక్టర్ వచ్చారు, జడ్జి వచ్చారు. ఊడ్చే మనిషి మాత్రం వచ్చింది. (ఆవూ వచ్చింది, బస్సూ వచ్చింది. ఏకవచనంలో ఆడవాళ్ళను మన వ్యాకరణం వీటితో కలిపి, మగవాళ్ళు కానివాటి వర్గమైన అమహత్తులో పడేసింది.)

ఇంగ్లిష్‌లో లేని లింగాన్ని మనం తగిలించేవీ ఉన్నాయి. మా దగ్గర "టీచర్" అంటే ఆవిడే, మగాయనైతే మాస్టారు. ఒడియా బళ్ళో ఆవిడే గురుమా అవుతుంది. "లేడీ డాక్టర్" అంటాం గానీ "జెంట్స్ డాక్టర్" ఎక్కడా వినలేదు.

తోకకు "మ్యాన్" ఉన్న మాటలతో పెద్ద ఇబ్బంది లేదు, కనిపిస్తాయి కాబట్టి మార్చేస్తారు. క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ క్లబ్బు 2021లో వాటిలో బ్యాట్స్‌మన్‌ని బ్యాటర్ చేసింది. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షనైతే మాటలు మార్చకుండానే, చట్టాల్లోని పుంలింగ పదాల్లో స్త్రీలూ ఉన్నట్టే లెక్క అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కానీ డ్రైవర్‌లో మార్చడానికి ఏముంది?

అందుకే నేను పిల్లలకు వాక్యాన్ని కాస్త పొడిగించి ఇస్తాను: డ్రైవర్ బస్సు ఆపి జడ వేసుకుంది అని అర్థం వచ్చేలా, చివర్లో "హర్ హెయిర్" అని పెట్టి. చాలామంది అక్కడిదాకా వచ్చాక వెనక్కెళ్ళి "డు" కొట్టేసి దిద్దుకుంటారు. ఒకడు మాత్రం దిద్దలేదు. "డ్రైవర్ బస్సు ఆపి ఆమెకు జడ వేశాడు" అని రాశాడు. ఎవరికిరా అంటే "ప్యాసింజర్‌కి మాస్టారూ" అన్నాడు. ఇంగ్లిష్ వ్యాకరణం ప్రకారం చూస్తే మార్కులు కొయ్యడానికి నాకు వీల్లేకపోయింది.