చెవిటి, బధిర, డెఫ్: నా గురించి నేను ఏమని చెప్పుకోవాలి?

వినికిడి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రెండు చెవుల్లోనూ 50 డెసిబెల్స్ దాకా వినికిడి తగ్గిందని పరీక్షలో తేలింది. మిషన్లు పెట్టుకుంటాను. సైగభాష రాదు. 'చెవిటిదాన్ని' అనడానికి నోరు రాదు. 'డెఫ్' అంటే అసలు వినపడనివాళ్ల చోటు నేను లాక్కున్నట్టుంటుంది. 'బాగానే వినపడుతుంది' అంటే అబద్ధం. ఏ మాట సరైంది? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: ఈ మాటలు ఒక్కోటీ ఒక్కో చోటి నుంచి వచ్చాయి, అందుకే ఏదీ మీకు అతికినట్టు కుదరడం లేదు. చెవుడు, చెముడు ఇంటి మాటలు. 'తాతకు కాస్త చెవుడు' అంటే అందులో తిట్టు లేదు. అదే 'చెవిటి' అని మనిషికి తగిలిస్తే, 'చెవిటి మాలోకం' దాకా వెళ్తే, తెలివి తక్కువన్న అర్థం వచ్చి చేరుతుంది. 'బధిర' పత్రికల్లో, పాఠశాలల పేర్లలో కనిపించే మాట. ఇంట్లో ఎవరూ అనరు. 'వినికిడి లోపం' ఆస్పత్రి కాగితం మీది మాట. అందులోని 'లోపం' చాలామందికి గుచ్చుకుంటుంది. ప్రపంచ బధిరుల సమాఖ్య కూడా 1991లో ఇంగ్లిషులో 'హియరింగ్ ఇంపెయిర్డ్' (వినికిడి లోపం ఉన్న) వద్దనుకుని 'డెఫ్', 'హార్డ్ ఆఫ్ హియరింగ్' (వినికిడి తక్కువ) అనే మాటలనే ఎంచుకుంది. 'మూగచెవిటి'ని మాత్రం పూర్తిగా వదిలేయాలి. పుట్టుకతో వినపడనివాళ్లలో చాలామందికి గొంతులో ఏ ఇబ్బందీ ఉండదు, మాట చెవిన పడక నేర్చుకునే దారి మూసుకుపోతుందంతే. పైగా సైగభాషలో గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాళ్లను మూగ అనడం అన్యాయం.

ఇంగ్లిషు రాతలో ఒక ఏర్పాటుంది. చిన్న డీతో రాస్తే చెవి స్థితి, పెద్ద డీతో రాస్తే సైగభాష మాట్లాడే సమాజం. 1972లో జేమ్స్ వుడ్‌వర్డ్ అనే భాషాశాస్త్రవేత్త సూచించిన పద్ధతి ఇది. తెలుగు లిపిలో పెద్దబడీ, చిన్నబడీ లేవు కదా! అందుకని సైగభాషలో బతికే మనవాళ్లు 'డెఫ్' అనే మాటనే తమ పేరుగా చేసుకున్నారు. వాళ్లు 'ఆయన డెఫ్' అంటే 'మనవాడు' అని. డెసిబెల్స్ లెక్క ఆ తర్వాతే. రేపు మీరు సైగభాష నేర్చుకుని వాళ్లలో కలిసిపోతే ఆ మాట మీదీ అవుతుంది. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) అడ్డు రాదు.

ఈ రోజుకు మాత్రం 'నాకు వినికిడి తక్కువ' అనమని మా సలహా. ఎవరికైనా అర్థమవుతుంది, తిట్టు లేదు, అబద్ధం లేదు. అయితే అక్కడితో ఆగిపోతే ఎదుటి మనిషి రెండు పనుల్లో ఒకటి చేస్తారు: అరుస్తారు, లేదా మీ పక్కనున్నవాళ్లతో మాట్లాడటం మొదలుపెడతారు. ఏం చేయాలో వాళ్లకు తెలియదు మరి. కాబట్టి సంగతి చెప్పిన వెంటనే పనీ చెప్పండి. 'నాకు వినికిడి తక్కువ. నా ఎదురుగా ఉండి, ముఖం కనపడేలా, కాస్త నిదానంగా చెప్పండి.' ఎడమ చెవి ఒక్కటే ఇబ్బంది పెట్టేవాళ్లు 'నా కుడివైపు కూర్చోండి' అంటే చాలు.

'గట్టిగా మాట్లాడండి' అని మాత్రం అడగకండి. వినికిడి తగ్గినవాళ్లలో ఎక్కువమందికి ముందు పోయేవి పై స్థాయి ధ్వనులు: స, శ, చ లాంటి హల్లులు. అరిచినప్పుడు పెరిగేది ముఖ్యంగా అచ్చుల జోరే. శబ్దం పెద్దదవుతుంది, మాట మాత్రం తేలదు. అరిచే నోరు వంకర తిరుగుతుంది కనుక పెదాలు చదవడమూ చెడుతుంది. పెదాల మీదే ఆధారపడినా చిక్కే. పాట, బాట, మాట మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. అందుకే అర్థం కానప్పుడు 'మళ్లీ చెప్పండి' అనేకంటే 'ఇంకో మాటలో చెప్పండి' అనడం మేలు. పేర్లు, అంకెలు మాత్రం రాసివ్వమనండి. తెలుగు మాటలను తెరమీద అక్షరాలుగా చూపే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ ఫోన్లో ఉంచుకోండి. మాట్లాడే మనిషికి దగ్గరగా, ఫ్యాను హోరుకు దూరంగా ఫోన్ పెడితేనే అది సరిగా రాస్తుంది.

ప్రశ్న: రిపోర్టులో 45 డెసిబెల్స్ అని ఉంది. 40 శాతం దాటింది కాబట్టి ఉద్యోగ దరఖాస్తులో 'వినికిడి' కోటా పెట్టవచ్చా? (అనంతపురం పాఠకుడు)

జవాబు: పెట్టకండి. డెసిబెల్ శబ్దానికి కొలత, శాతం వైకల్యానికి కొలత; రెండూ వేరు. ఈ పొరపాటుతో ధ్రువపత్రాల పరిశీలన దాకా వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, మాటకు సంబంధించిన ఫ్రీక్వెన్సీల్లో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే 'హార్డ్ ఆఫ్ హియరింగ్', 70 డెసిబెల్స్ నష్టం ఉంటే 'డెఫ్'. రిజర్వేషన్‌కు వైకల్యం కనీసం 40 శాతమని ధ్రువపత్రంలో ఉండాలి. ఆ శాతాన్ని వైద్య బృందం విడిగా లెక్క కడుతుంది. రెండు చెవుల నష్టాన్నీ కలిపేటప్పుడు బాగా వినిపించే చెవికే ఎక్కువ విలువ ఇస్తుంది. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్లు 40 శాతానికి చేరనిది అందుకే.

వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లే ముందు చెవుల్లో గులిమి తీయించుకోండి, చీము కారుతుంటే వైద్యం పూర్తి చేయించుకోండి. తగ్గే సమస్యను శాశ్వత వైకల్యంగా రాయరు. మిషన్లు తీసి పరీక్ష చేస్తారు. జవాబుల్లో పొంతన లేకపోతే, లేదా చిన్నపిల్లలైతే, శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే బెరా పరీక్షకు పంపుతారు.

దరఖాస్తులో ధ్రువపత్రంలో ఉన్న మాటనే అక్షరం మార్చకుండా రాయండి. మీ గురించి మీరు ఏమనుకుంటారో అక్కడ అక్కర్లేదు. ధ్రువపత్రం రాలేదని మీ ఇబ్బంది అబద్ధమైపోదు. 45 డెసిబెల్స్‌తో తరగతి గదిలో వెనక బెంచీ నుంచి పాఠం అందుకోవడం చాలా కష్టం. 'నాకు వినికిడి తక్కువ' అని చెప్పి ముందు వరుస అడగడానికి ఏ కార్డూ అక్కర్లేదు.

ప్రశ్న: ప్రభుత్వ ఉద్యోగిని, 52 ఏళ్లు. మూడేళ్లుగా వినికిడి తగ్గుతోంది. ఆఫీసులో చెబితే ఉద్యోగానికే ఎసరు వస్తుందేమోనని తల ఊపుతూ నెట్టుకొస్తున్నాను. (గుంటూరు పాఠకుడు)

జవాబు: తల ఊపడం మానేయండి. వినపడని మాటకు సరేనంటే పని తప్పుతుంది, అప్పుడు మీ మీద పడే ముద్ర 'నిర్లక్ష్యం'. చట్టం మీ వైపుంది. పైన చెప్పిన చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టులోకి మార్చాలి. ముందు ఆడియోగ్రామ్ తీయించుకోండి. తర్వాత పై అధికారికి మీ స్థితి, కావలసిన ఏర్పాట్లు రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి: ఫోన్ డ్యూటీ బదులు ఫైళ్ల పని, సమావేశాల నిర్ణయాలు రాతలో, గోడకు వీపు ఆనేలా సీటు. వెనక నుంచి పిలిస్తే పలకలేదన్న మాట రాకుండా సీటు కాపాడుతుంది.

ఒక హెచ్చరిక. మీది నెమ్మదిగా తగ్గినది. ఎవరికైనా ఒకట్రెండు రోజుల్లోనే, ముఖ్యంగా ఒక చెవిలో, వినికిడి పడిపోతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. అక్కడ ఆలస్యం చెవిని పోగొడుతుంది.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉంది. 'ఇప్పుడు వినపడుతోంది కదా, ఇంకా వినపడదనే మాటెందుకు' అంటారు మా అత్తయ్య. బడిలో పిల్లలు 'మూగోడు' అంటున్నారు. వాడికి ఏం నేర్పాలి? (వరంగల్ పాఠకురాలు)

జవాబు: ఇంప్లాంట్ లోపల ఉన్నా, శబ్దాన్ని అందుకుని లోపలికి పంపే, చెవి మీది ప్రాసెసర్ తీస్తే బాబుకు వినపడదు. స్నానం, నిద్ర, ఈత, చార్జింగ్ అయిపోయిన నిమిషం, అన్నిటా అంతే. అత్తయ్యగారికి ప్రాసెసర్ తీసి ఉన్నప్పుడు బాబును వెనక నుంచి ఒకసారి పిలిచి చూడమనండి.

బాబుకు ఒక వాక్యం నేర్పండి: 'నాకు మిషన్‌తో వినపడుతుంది, తీస్తే వినపడదు. నన్ను పిలవాలంటే భుజం తట్టు.' ఇంట్లో పదిసార్లు ఆటలా అనిపించండి, తర్వాత టీచరుగారి చేత తరగతికంతా చెప్పించండి. మిషన్ తీసిన వేళల కోసం భారతీయ సైగభాషలో అన్నం, నీళ్లు, నొప్పి, ఆగు, రా లాంటి మాటలతో మొదలుపెట్టండి. ఢిల్లీలోని భారతీయ సైగభాష పరిశోధన శిక్షణ కేంద్రం నిఘంటువు వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. సైగభాష వస్తే నోటి మాట రాదన్న భయం పెట్టుకోకండి. వీలైతే ఊళ్లోని పెద్ద డెఫ్ వాళ్లకు బాబును పరిచయం చేయండి. వాడి నవ్వునో, బుగ్గ సొట్టనో చూసి వాళ్లు ఒక సైగపేరు పెడతారు. బడిలో పెట్టిన పేరు బదులు పలకడానికి వాడికి అదొకటి ఉంటుంది.