పిండి నుంచి గ్లూకోజ్ పలుకు ఎలా కడుతుంది? పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను

తిరుపతిలో కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్నానని, మొక్కజొన్న పిండికి ఎంజైమ్ వేస్తే తియ్యటి ద్రవం రావడం దాకా అర్థమైందని, అది తెల్లటి పలుకుగా (క్రిస్టల్‌గా) ఎలా మారుతుందో తెలియడం లేదని అడిగారు. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఆరేళ్లు వేరే రాష్ట్రంలో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్‌కే ఇంకో పేరు) ప్లాంట్‌లో, ఎక్కువగా ఆ పలుకు కట్టించే సెక్షన్‌లోనే పనిచేశాను.

తీపి రావడం దాకా మీరు చదివిందే. పిండిపాలకు ఆల్ఫా అమైలేజ్ (పిండిని ముక్కలు చేసే ఎంజైమ్) కలిపి ఆవిరితో 105 డిగ్రీలకు ఎక్కించి కొన్ని నిమిషాలు, తర్వాత 95 దగ్గర గంటో రెండు గంటలో ఉంచితే గంజి పలచబడుతుంది. దాన్ని 60కి దించి, పీహెచ్ (పులుపు కొలత) 4.5 దగ్గర పెట్టి గ్లూకోఅమైలేజ్ (ఆ ముక్కల్ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్) వేస్తే రెండు రోజుల్లో కరిగి ఉన్నదాంట్లో 95 శాతం గ్లూకోజే. అన్నం ముద్దను మింగకుండా నమిలితే తియ్యగా అవుతుంది చూడండి, ఆ పనే ఇది. 1811లో కిర్ఖోఫ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇదే మార్పును సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో చేసి చూపించాడు. యాసిడ్‌తో చేస్తే కాస్త చేదు, రంగు కూడా వస్తాయి. ఆ తర్వాత వడపోత, రంగు తీయడానికి కార్బన్, లవణాలు తీయడానికి అయాన్ ఎక్స్ఛేంజ్, ఆవిరి మీద కరిగిన పదార్థం 70-75 శాతం అయ్యేదాకా చిక్కబరచడం.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పుస్తకాల్లో ఎంజైమ్‌కు పేజీలు, దీనికి రెండు లైన్లు ఇస్తారు. అది తప్పని నా అభిప్రాయం.

పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ముల్లో, పాత బ్యాచ్‌లో పావు వంతు అలాగే ఉంచి దాని మీద కొత్త పాకం పోస్తారు. పెరుగుకు తోడు వేసినట్టే. తర్వాత నిదానంగా కలుపుతూ 45 డిగ్రీల నుంచి 25 దాకా చల్లార్చడానికి రెండు మూడు రోజులు పడుతుంది. నెయ్యి మెల్లగా చల్లారితేనే పూస కడుతుంది కదా!

ఒక నైట్ షిఫ్ట్‌లో వెనక బ్యాచ్ వెయిటింగ్‌లో ఉందన్న టెన్షన్‌తో చల్లనీళ్ల వాల్వ్ ఎక్కువ తిప్పేశాను. పొద్దున చూస్తే పలుకు పెరగలేదు, అంతా సన్నటి నలుసులే. వేళ్ల మధ్య రుద్దితే తడి సున్నంలా జారింది. సెంట్రిఫ్యూజ్‌లో (బుట్టను గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) వేస్తే ద్రవం దిగనే లేదు, బుట్ట గోడకు మెత్తగా అతుక్కుపోయింది. మొత్తం వేడినీళ్లతో కరిగించి మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది.

ఇంకొకటి గ్లూకోజ్ శుద్ధత. మా నాయన బెల్లం వండేవాడు. నరికిన చెరకు నాలుగు రోజులు ఎండలో పడుంటే ఆ బెల్లం అచ్చులో గట్టిపడేది కాదు, జిగురుగా ఉండిపోయేది. చెరకులోని చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అయిపోవడమే కారణం. ప్లాంట్‌లోనూ అంతే. ఎంజైమ్ దగ్గర విరగకుండా మిగిలిన మాల్టోజ్ (రెండు గ్లూకోజ్‌లు అతుక్కుని ఉన్న చక్కెర) లాంటివి ఎక్కువైతే గ్లూకోజ్ పలుకు కట్టడానికి మొరాయిస్తుంది.

ఆరబెట్టేటప్పుడు కూడా జాగ్రత్త. ఈ పలుకులో దాదాపు 9 శాతం నీరు పలుకులోనే భాగంగా ఉంటుంది. వేడి ఎక్కువైతే అదీ పోతుంది. నీరు లేని రకం కావాలంటే పాకాన్ని 50 డిగ్రీల పైనే ఉంచి పలుకు కట్టించాలి.

ట్రైనింగ్‌కు ఏదైనా ప్లాంట్‌కు వెళ్తే ఒక రాత్రి ఆ డ్రమ్ముల దగ్గర ఉండనివ్వమని అడగండి. గంటకోసారి చెంచాడు పాకం తీసి వేళ్లతో రుద్ది చూడండి. పలుకు పెరగడం చేతికే తెలుస్తుంది.