పాఠకుల ప్రశ్న – జవాబు: కోరంగి దిబ్బల మీది పాదముద్రలు

ప్రశ్న: జనవరిలో కోరంగి అభయారణ్యంలో పడవ మీద తిరిగాము. నీరు తీసిన వేళ ఒక చిన్న దిబ్బ అంచున, బురదలో, వరుసగా పాదముద్రలు కనిపించాయి. పడవ నడిపే ఆయన అవి బావురు పిల్లివని చెప్పారు. చుట్టూ ఉప్పునీరే ఉన్న దిబ్బల మీద పిల్లి ఎలా బతుకుతుంది? తాగడానికి నీళ్లెక్కడివి? అక్కడ ఇంకేమైనా క్షీరదాలు ఉన్నాయా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పడవ నడిపే ఆయన చెప్పినది నిజమే అయి ఉండవచ్చు. గోదావరి సముద్రంలో కలిసే చోట, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిలో, బావురు పిల్లి స్థిరంగా నివసించే జంతువే. కొన్ని ప్రాంతాలలో వేరే అడవి పిల్లులను కూడా ఇదే పేరుతో పిలుస్తారు కనుక, ఇక్కడ మాట్లాడుతున్నది చేపలు పట్టి తినే పిల్లి గురించేనని ముందుగా గుర్తుంచుకోండి.

మీ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది: నీరు జంతువుకు అడ్డుగోడ అని. మనకు అది గోడే, బావురు పిల్లికి మాత్రం అదే వంటిల్లు, అదే దారి. ఇది పాయల్లో సునాయాసంగా ఈదుతుంది, అవసరమైతే మునుగుతుంది కూడా. వేళ్ల మధ్య ఉన్న చర్మమే దీని రహస్యమని చాలామంది రాస్తుంటారు గానీ, ఆ చర్మం ఇతర పిల్లుల కంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. అసలు సంగతి వెంట్రుకలలో ఉంది. లోపలి పొర పొట్టిగా, ఎంత దట్టంగా ఉంటుందంటే నీరు చర్మం దాకా చేరడమే కష్టం. దాని పైన పొడవాటి వెంట్రుకలు మరో పొరగా ఉండి, ఒంటి మీది మచ్చలకు రంగునిస్తాయి. వేటాడేటప్పుడు ఇది గట్టు అంచున కదలకుండా కూర్చుని, ముందుకాలితో నీటి పైభాగాన్ని మెల్లగా తడుతుంది. కదలికను చూసి దగ్గరికొచ్చిన చేప గోళ్లకు చిక్కుతుంది.

ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, పైగా ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. కాబట్టి ఎక్కువగా రాత్రిపూట తిరిగే ఈ పిల్లికి నీరు తీసి బురద బయటపడే గంటలు ఏ రోజూ ఒకేలా ఉండవు. నీరు తీసినప్పుడు మడచెట్ల శ్వాసవేళ్ల మధ్య గుంటలలో చేపలు, పీతలు చిక్కుకుపోతాయి. పోటు వచ్చేసరికి మాత్రం దిబ్బలో సగానికి పైగా మునిగిపోవచ్చు. అందుకే నా దృష్టిలో ఈ జంతువులకు తిండి కన్నా కరవైనది పొడి నేల, అంటే ఆరిన చోట పడుకోవడానికి, పిల్లలను పెట్టడానికి కాస్త ఎత్తైన జాగా.

ఇక తాగే నీరు. చేప ఉప్పునీటిలో బతికినా దాని ఒంటిలోని ద్రవాలలో ఉప్పు సముద్రపు నీటిలో ఉన్నదానిలో మూడో వంతు మాత్రమే ఉంటుంది. కాబట్టి చేపను తినడమంటే కొంత మంచినీరు తాగడమే. దానికి తోడు పిల్లి జాతి మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరచి నీటిని ఒంటిలోనే నిలుపుకుంటాయి. వానాకాలంలో గోదావరికి వరద వచ్చినప్పుడు పాయల్లో ఉప్పదనం ఎలాగూ తగ్గిపోతుంది, ఎండాకాలమే గడ్డుకాలం.

ఇతర క్షీరదాలలో ముఖ్యమైనవి నీటికుక్కలు. ఇవి గుంపులుగా తిరుగుతాయి, మీసాలతో నీటి కదలికను పసిగడతాయి. వలల్లోని చేపలను ఎత్తుకుపోతాయని మత్స్యకారులకు వీటి మీద కోపం. నక్కలు కూడా ఉన్నాయి. తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో ఇవి ఇసుక తవ్వి ఆ గుడ్లను తినేస్తాయి. గబ్బిలాలు ఎగిరే జీవులు కనుక వాటికి దిబ్బా, ఒడ్డూ ఒకటే.

మరి ఇన్ని దిబ్బలుండగా కోరంగిలో ప్రత్యేక ద్వీపజాతులు ఎందుకు ఏర్పడలేదని కూడా మీరు అడగవచ్చు. వేల్స్ తీరంలోని స్కోమర్ దీవిలో ఎలుకను పోలిన వోల్ అనే జీవి, ప్రధాన భూభాగంలోని తన బంధువుల కంటే పెద్దదిగా, ప్రత్యేక ఉపజాతిగా మారింది. సముద్రం దానిని వేలాది తరాలు విడదీసింది. మన దిబ్బలు అలా కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి, వయసులో చిన్నవి, మధ్యలో ఉన్నది ఒక పాయ మాత్రమే. పిల్లి ఈ రాత్రి ఇక్కడుంటే రేపు అవతలి గట్టున ఉంటుంది.

అయితే అవతలి గట్టున తరచూ రొయ్యల, చేపల చెరువులు ఉండడమే దీనికి చిక్కు. చెరువు యజమాని కళ్లకు ఇది దొంగ, కాబట్టి ఉచ్చులకు బలవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యంత కఠినమైన రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉన్నప్పటికీ ఇదే పరిస్థితి.

చివరగా, మీరు చూసిన ముద్రల గురించి. పిల్లి ముద్రలో నాలుగు వేళ్లు ఉంటాయి, సాధారణంగా గోళ్ల గుర్తులు ఉండవు. బావురు పిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు కనుక మెత్తటి బురదలో వాటి మొనలు పడవచ్చు. నక్కకూ నాలుగు వేళ్లే గానీ ముద్ర సన్నగా, కోలగా ఉండి గోళ్లు స్పష్టంగా పడతాయి. నీటికుక్కవైతే ఐదు వేళ్లు. ఈసారి కనిపిస్తే ముద్ర పక్కన ఒక పెన్ను పెట్టి ఫోటో తీసుకోండి, పోటు వచ్చే లోపలే.